మీకు తెలియనిదేముంది సార్!

ఈ ఉదయం మా క్లినిక్‌లో ఒక పేషెంటుకి కొత్తగా పెట్టిన పన్ను మీద చిన్న అద్దం పిడితో తట్టాను. టింగుమంది. బయట మెట్రో రైలు వెళుతున్నా ఆ మోత స్పష్టంగా వినిపించింది. లోపల దవడ ఎముక, ఆ పన్ను కింద బిగించిన స్క్రూను గట్టిగా పట్టుకుంటే అలా మోగుతుంది. పట్టు లేకపోతే తడిసిన చెక్కను తట్టినట్టు డుబ్బుమంటుంది. ఈ తేడా నాకు నేర్పింది సుభద్ర మేడమ్. ఇరవయ్యారేళ్ళ వయసులో, నా మొదటి ఇంప్లాంట్ కేసులోనే ఆ రెండో చప్పుడు వినాల్సివచ్చింది. మేడమ్ ఎలాంటి మనిషో చెప్పాలంటే ఆ సంగతే చెప్పాలి, అందులో నా పరువు కొంచెం పోయినా సరే.

తొంభైల మధ్యలో తార్నాకలో ఒక మందుల షాపు మీద మేడమ్ క్లినిక్ ఉండేది; చదువయ్యాక నేను అక్కడే పనికి చేరాను. రెండు కుర్చీలు, ఎప్పుడూ నసపెట్టే ఒక కూలర్. మేడమ్‌ది గుంటూరు వైపు. మనిషి పొట్టి, గొంతు మాత్రం మెట్ల కింది దాకా వినిపించేది. ఊడిన పంటి చోట ఎముకలోనే స్క్రూ బిగించి దానిమీద పన్ను కట్టడమనేది అప్పటికి మా ఊళ్ళో చాలామంది డాక్టర్లే చూసి ఎరగరు. మేడమ్ బొంబాయి వెళ్ళి నేర్చుకుని వచ్చారు. కుర్చీలో కూర్చున్న వాళ్ళకి ముందే అంతా చెప్పేసేవారు. "మత్తు సూది ఇస్తాం, నొప్పి తెలీదు. కానీ చప్పుడు తెలుస్తుంది, ఎముక మీద ఒత్తిడి తెలుస్తుంది. కంగారు పడొద్దు. రెండు మూడ్రోజులు మొహం బూరెలా ఉబ్బుతుంది. అప్పుడూ కంగారు పడొద్దు. కుట్లు మానేదాకా మెత్తటి తిండి, సిగరెట్టు ముట్టుకోకూడదు. పైదవడైతే ఆర్నెల్లు ఆగాలి, ఆ తర్వాతే పన్ను. ఒక్కోసారి ఎముక పట్టుకోదు. అప్పుడు తీసేసి మళ్ళీ మొదలెట్టాలి. ఇదంతా ఇప్పుడే చెబుతున్నా, తర్వాత నన్ననొద్దు." అక్కడితో వదిలిపెట్టేవారా అంటే లేదు. "ఏదీ, నేను చెప్పింది ఇప్పుడు మీరు నాకు చెప్పండి" అనేవారు. బ్యాంకు మేనేజర్లకి చెమటలు పట్టేవి. ఒక లాయరు గారికి కోపమొచ్చి లేచి నిలబడ్డారు కూడా. అయినా అప్పజెప్పించుకున్నాకే సూది చేతిలోకి తీసుకునేవారు. నాకు అదంతా చాదస్తంగా కనిపించేది. చదువుకున్నవాళ్ళని బడిపిల్లల్లా చూడటమేమిటని లోలోపల నవ్వుకునేవాణ్ణి.

అలాంటి రోజుల్లో రాజలింగం సార్ వచ్చారు. యూనివర్సిటీలో చరిత్ర ప్రొఫెసరు. ఆయన పాఠం చెబుతుంటే వేరే డిపార్ట్‌మెంటు పిల్లలు కూడా వచ్చి కిటికీల దగ్గర నిలబడేవాళ్ళు. నేనూ డెంటల్ కాలేజీ ఎగ్గొట్టి అలా ఒకసారి నిలబడ్డవాణ్ణే. సార్ క్యాంపస్‌లో మెట్ల మీద జారిపడి పైవరస ముందు పళ్ళు రెండు పోగొట్టుకున్నారు. కట్టుడు పళ్ళ ప్లేటు పెట్టించుకున్నారు గానీ, గొంతు పెంచగానే అది జారి కిందికొచ్చేది. ఒకరోజు క్లాసులో ఏకంగా ఊడి బల్ల మీద పడింది. పిల్లలు నవ్వారు. ఆయన పుస్తకం మూసేసి వెళ్ళిపోయారట. అప్పట్నుంచి క్లాసుకి పోవడం మానేశారు. రిటైర్మెంటుకి రెండేళ్ళే మిగిలింది. "డాక్టరమ్మా, జులైల క్లాసులు షురూ అయితయ్. గప్పటికి నాకు పండ్లు కావాలె. లేకుంటే గీ నౌకరీ ఇడిసిపెడ్త" అన్నారు. ఆ మాట అంటున్నప్పుడు కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నారు.

అది జనవరి. లెక్క సరిపోతుందన్నారు మేడమ్. రెండు స్క్రూలూ నా చేతనే వేయించారు, పక్కనే నిలబడి. అంతా బ్రహ్మాండంగా జరిగింది, నా ఛాతీ రెండంగుళాలు పెరిగింది. చేతులు కడుక్కుంటూ, "జాగ్రత్తలు నువ్వు చెప్పు శ్రీకాంత్. ముఖ్యంగా రెండు వారాలు ఆ ప్లేటు పెట్టుకోకూడదు, చిగురు మీద ఒత్తిడి పడిందా కుట్లు విచ్చుకుంటాయి. చెప్పి, చెప్పించుకో" అని మేడమ్ రెండో కుర్చీ దగ్గరికి వెళ్ళారు.

చెప్పాను. చెప్పించుకోలేదు. అంత పెద్దాయన్ని పట్టుకుని పాఠం అప్పజెప్పమని ఎలా అడగను? ఆయనే అడిగారు: "సోమవారం మా దోస్తు రిటైర్మెంట్ ఫంక్షన్ ఉన్నది డాక్టర్ సాబ్. గంటసేపు మాట్లాడాలె. గంటకేమన్న అయితదా?" వద్దు అనే రెండక్షరాల మాట నా నోట్లోంచి రాలేదు. తల గోక్కుని, నవ్వి, "కొంచెం జాగ్రత్తగా ఉండాలి సార్. అయినా మీకు తెలియనిదేముంది!" అన్నాను. పెద్దవాళ్ళతో మనం రోజుకి పదిసార్లు అనే మాటే అది. ఆయన సంతోషంగా తలూపి వెళ్ళిపోయారు.

మూడు వారాల తర్వాత పెదవి వాచిపోయి వచ్చారు. మేడమ్ చిగురు తెరిచి, ఒక స్క్రూని తట్టారు. మోగింది. రెండోదాన్ని తట్టారు. డుబ్బుమంది. వేలితో కదిపితే కదిలింది. మేడమ్ దాన్ని తీసేసి, లోపలంతా శుభ్రం చేశారు. ఎముక మానడానికి నాలుగు నెలలు, మళ్ళీ వేశాక ఆరు నెలలు. జులై గోవిందా అని ఆయనకీ అర్థమైంది. "మా వాడు మీకేం చెప్పాడు సార్?" అని అడిగారు మేడమ్. ఆయన నా వైపు చూశారు. "అన్నీ చెప్పిండమ్మా. నేనే ఇనలే. ఫంక్షన్ల ప్లేటు పెట్టుకున్న. తప్పు నాదే" అని లేచారు. మెట్లు దిగుతున్నప్పుడు మళ్ళీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు.

సిగ్గు లేకుండా నేనేం చేశానంటే, కేస్ షీటు తీసి, పేషెంటు జాగ్రత్తలు పాటించలేదని ఇంగ్లీషులో నీటుగా రాశాను. మేడమ్ అది చదివి కళ్ళజోడు తీశారు. "ఇది నిజమేనా?" అన్నారు. తిట్టినా బాగుండేది. ఉన్నదున్నట్టు కక్కేశాను. విని, నా వాక్యాన్ని ఒక్క గీతతో కొట్టేసి, దాని కింద తెలుగులో రాశారు: ‘మేము సరిగ్గా చెప్పలేదు.’ సంతకం చేశారు. "మేము కాదు మేడమ్, నేను" అన్నాను. "నువ్వు చెప్పించుకున్నావో లేదో చూడాల్సింది నేను. చూశానా? లేదు. అయితే ఇందులో నా వాటా లేదా? సర్లే, ఏడుపు మొహం పెట్టకు. వెళ్ళి ఆయనకి చెప్పు. ఫోన్లో కాదు, ఎదురుగా నిలబడి."

తార్నాక నుంచి యూనివర్సిటీ దాకా నడిచే వెళ్ళాను. ఎలా మొదలుపెట్టాలో తెలియక బస్సు ఎక్కలేదు. రాజలింగం సార్ తన గదిలో ఒక్కరే ఉన్నారు. నిలబడే అంతా చెప్పాను. ఆయన మొహం ఎర్రబడింది. "నువ్వు గట్టిగ వద్దంటే నేను పెట్టుకుందునా? ఏం, నేను కొడ్తననుకున్నవా?" అని బల్ల మీద చరిచారు. నేను తల దించుకున్నాను. తర్వాత ఆయన గొంతు తగ్గింది. "నాది గూడ ఉన్నది లే. తెలియనిదేముందంటివి, ఉబ్బిపోయిన. పండ్ల గురించి నాకేం తెలుసు బిడ్డా? రాజుల గురించి అడుగు, చెప్త."

"ఈసారి మేడమే వేస్తారు సార్" అన్నాను.

"వద్దు, నువ్వే వెయ్యి. ఈసారి భయపడుకుంట వేస్తవ్. ఆమె పక్కన నిలబడాలె, అది వేరే ముచ్చట."

జూన్ ఆఖర్లో మళ్ళీ వేశాను, భయపడుతూనే. అయిపోయాక స్టూలు లాక్కుని ఎదురుగా కూర్చున్నాను. "సార్, నేను చెప్పింది ఇప్పుడు మీరు చెప్పాలి" అన్నాను. నోట్లో దూది పెట్టుకునే ఆయన వేళ్ళు మడుస్తూ అప్పజెప్పారు. ప్లేటు సంగతి రాగానే ఆగారు. "రెండు వారాలు పెట్టుకోను. నాటేసినంక పట్టిందా లేదా అని రోజూ పీకి చూస్తమా?" అన్నారు. నేను చెప్పినదానికంటే బాగా చెప్పారని మేడమ్ పక్క కుర్చీ నుంచే కేకేశారు.

ఆ రెండు వారాలు పూర్తికాకముందే క్లాసులు మొదలయ్యాయి. నౌకరీ వదిలేస్తారేమోనని నాకు భయంగానే ఉంది. మొదటి రోజు పొద్దున వెళ్ళి, వెనకటిలాగే కిటికీ దగ్గర నిలబడ్డాను. సార్ వచ్చారు. చేతులు రెండూ బల్ల మీద ఆనించి, నోరంతా తెరిచి, "ముందుగాల ఒక మాట. నాకు రెండు పండ్లు లేవు. వచ్చే జనవరికి వస్తయ్. అందాక నేను చెప్పింది సమజ్ గాకుంటే చెయ్యెత్తుండ్రి, మళ్ళ చెప్త. నవ్వేటోళ్ళు ఇప్పుడే నవ్వుండ్రి" అన్నారు. అందరూ నవ్వారు, ఆయన కూడా. ఆ తర్వాత గంటసేపు ఎవ్వరూ కదల్లేదు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు, సిగ్గుపడకుండా చెబుతున్నాను.

జనవరిలో రెండు పళ్ళూ బిగించాను. రిటైరయ్యేదాకా ఆ పళ్ళతోనే ఆయన పాఠం చెప్పారు. మేడమ్ పోయి చాలా ఏళ్ళయింది. ఇంప్లాంట్ కోసం వచ్చిన ప్రతివాళ్ళూ నన్ను అడిగే ప్రశ్న ఒకటుంది: "మీ చేతిలో ఎప్పుడైనా ఫెయిలయిందా డాక్టర్?" అయిందంటాను. నా మొదటి కేసేననీ, తప్పు మాదేననీ మొత్తం చెబుతాను. మా జూనియర్లు తలలు పట్టుకుంటారు. కొందరు ఆలోచించుకుని వస్తామని లేచి వెళ్ళిపోతారు, మళ్ళీ రారు. మిగిలినవాళ్ళు కుర్చీలో వెనక్కి వాలి, నోరు తెరుస్తారు.