ముందు నిలబడ్డ సున్నా

ముందు వినిపించింది గిరగిరమనే చప్పుడు. చిన్న చిన్న చక్రాలు ఒకదాని పక్కన ఒకటి తిరుగుతూ, టక్కున ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు మళ్ళీ తిరుగుతున్నాయి. వంటింట్లో కోడలు గిన్నె దించి చెవి అటు వేసింది. చప్పుడు వసారా దాటి నడవలోకి వచ్చి, అక్కడా ఇమడలేక మళ్ళీ వసారాలోకి వెళ్ళింది. అత్తగారు ఇంకా కూర్చోలేదన్నమాట. పరీక్ష మధ్యాహ్నం.

అత్తగారు ప్రయాణపు పెట్టెల ఫ్యాక్టరీలో అంకెల తాళాలు సరిచూస్తుంది. తొమ్మిదో తరగతిలో బడి మానేసి చేరినప్పటి నుంచీ అదే పని. చేతిలో ఒక పాత తాళం చక్రాలు తిరుగుతుంటే తప్ప ఆమెకు ఆలోచన సాగదు. అందుకే తోటివాళ్ళు ఆమెను గిరగిరమ్మ అంటారు. ఆ పేరుతో పిలిచినా పలుకుతుంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న అమ్మాయిలు ఒక్కొక్కరే సూపర్‌వైజర్లయ్యారు. ఇప్పుడు ఒక పూట సెలవు కావాలన్నా వాళ్ళ ముందు నిలబడి అడగాలి. పదో తరగతి పాసైతే ఖాళీగా ఉన్న సూపర్‌వైజర్ కుర్చీ ఆమెది, లేదంటే బయటివాళ్ళెవరో వచ్చి కూర్చుంటారు. మిగతా సబ్జెక్టులన్నీ గట్టెక్కాయి గాని లెక్కల్లో మాత్రం రెండుసార్లు తప్పింది.

కోడలు బడిలో లెక్కలే చెబుతుంది. ఈ ఇంటికి వచ్చి ఏడాది నిండలేదు. తరగతి నిండా పిల్లలున్నా తడబడని నోరు ఈ ఒక్క విద్యార్థి ముందు తడబడుతుంది.

"అత్తయ్యా, ఇదొక్కటి చేసి చూపించండి." బల్ల మీద కాగితం పెట్టింది. సున్నా, రెండు, ఐదు, ఏడు. ఏ అంకే రెండోసారి రాకుండా ఎన్ని మూడంకెల సంఖ్యలు రాయొచ్చు?

అత్తగారు నిలబడే రాసేసింది. మొదటి చోటుకి నాలుగు అంకెలు, రెండో చోటుకి మూడు, ఆఖరి చోటుకి రెండు. "ఇరవై నాలుగు. ఇదేమన్నా బ్రహ్మవిద్యా?"

"పద్దెనిమిది అత్తయ్యా."

చక్రాలు ఆగిపోయాయి. "మిగతా ఆరూ ఎవరు మింగారు?"

"సున్నా మొదట రాకూడదు కదండీ."

"ఎందుకు రాకూడదు? మా దగ్గర ప్రతి పెట్టే మూడు సున్నాల మీదే బయటికెళ్తుంది. కొన్నవాళ్ళు తర్వాత మార్చుకుంటారు. సున్నా మొదట రాకూడదంటే మేం ఫ్యాక్టరీ మూసుకోవాలి."

కోడలికి నవ్వొచ్చి, గొంతులోనే ఆగిపోయింది. "పోయినసారి కూడా ఇలాగే రాశారా?"

"ఇలాగే. దిద్దినవాళ్ళకే రాదనుకున్నాను."

"అది రూలు అత్తయ్యా." తెలియకుండానే గొంతు లేచింది.

"రూలు అంటే మీ బడిపిల్లలు నోరు మూసుకుంటారేమో. నేను నీ అత్తని." పెన్ను బల్ల మీద పడింది. "నేను వెళ్ళనులే అమ్మాయ్. మూడోసారి కూడా అందరిలో తల వంచుకోవడం దేనికి?"

వసారాలో చప్పుడు మళ్ళీ మొదలైంది. ఈసారి ఎక్కడా ఆగడం లేదు. కిటికీ చువ్వల నీడ గోడ మీద మెల్లగా జరుగుతోంది. ఇంట్లో నిలకడగా ఉన్న వస్తువు ఒక్కటీ లేదనిపించింది కోడలికి. వెళ్ళి, అత్తగారి చేతిలోంచి తాళం తీసుకుంది. ఆ ఇంట్లో ఇంతవరకూ ఎవరూ చేయని పని అది. అత్తగారి వేళ్ళు ఖాళీ గాలిలో ఒక క్షణం ఆడాయి.

కోడలు చక్రాలు తిప్పి చూపించింది. "చదవండి. తాళంలా కాదు, ఇంతమంది జనం అని చెప్పినట్టు."

"రెండు వందల యాభై ఏడు."

మళ్ళీ తిప్పింది. సున్నా, రెండు, ఐదు.

"సున్నా వందల..." అత్తగారి నోరు ఆగింది. "ఇరవై ఐదు."

"వందలేవి?"

"లేవు."

"మరి ఇది మూడంకెల సంఖ్యేనా?"

"పెట్టె మాత్రం తెరుచుకుంటుంది," అంది అత్తగారు నీరసంగా.

"తెరుచుకుంటుంది. తాళానికి ఏ చోట ఏ అంకె ఉందన్నదే కావాలి. ఇక్కడ ఎంత అని అడుగుతున్నారు."

అత్తగారు తాళం లాక్కుంది. మొదటి చక్రాన్ని సున్నా మీద బొటనవేలితో నొక్కి పట్టి, మిగతా రెండూ ఒక్కో రకంగా తిప్పింది. పెదవులు కదులుతున్నాయి. "ఆరు. ఇవి పోతాయి. పద్దెనిమిది." సంతోషించలేదు. పైగా ముఖంలో కొత్త గుబులు చేరింది. "ఇన్నేళ్ళూ సంఖ్యలు చూస్తున్నాననుకున్నాను. ఇంకా ఏమేం ఇలా అనుకుంటున్నానో."

"బట్టలు మార్చుకోండి. బస్సు వెళ్ళిపోతుంది."

బస్సులో అత్తగారు సీటు అంచునే కూర్చుంది.

"సున్నా చివర్లో రావచ్చా?"

"రావచ్చు."

"మధ్యలో?"

"రావచ్చు."

"ఒక్క ముందు చోటే దానికి దక్కదు." కిటికీలోంచి వెనక్కి పోతున్న దుకాణాలను చూస్తూ, "పాపం," అంది.

పరీక్ష జరిగే బడి గేటు దగ్గర కాపలావాడు అడ్డొచ్చాడు. "తల్లిదండ్రులు బయటే ఉండాలమ్మా."

అత్తగారు హాల్‌టికెట్ అతని ముక్కు దగ్గర పెట్టి, కోడలి వైపు చూపించింది. "తల్లీ తండ్రీ అన్నీ ఈవిడే. నన్ను దింపడానికొచ్చింది."

అతను పక్కకి తప్పుకున్నాడు. రెండడుగులు లోపలికి వేసి, ఆమె వెనక్కి తిరిగింది.

"నువ్విక్కడ నిలబడకు, నాకు చేతులాడవు. ఇంటికెళ్ళు. ఈసారీ పోతే నాలుగోసారి నువ్వే చెప్పాలి. అప్పుడు మాత్రం రూలు అనకు. ఎందుకో ముందే చెప్పు."