మేడ మీది జంట గురించి నేను చెప్పిన మాట

ఆరేళ్ళుగా మోస్తున్నాను దీన్ని. ఆ బరువుకు నిద్ర పట్టలేదని చెప్తే మీరు నమ్ముతారేమో కానీ, అది నిజం కాదు. చాలా రోజులు హాయిగానే నిద్రపోయాను. వండుకున్నాను, తిన్నాను, పెళ్ళిళ్ళకు వెళ్ళాను, నవ్వాను. ఎప్పుడో పప్పు ఏరుతూనో బట్టలు మడతపెడుతూనో ఉండగా, అంత పని చేసి ఇంత మామూలుగా ఎలా బతుకుతున్నావు అని లోపల ఎవరో అడిగినట్టుంటుంది. చేతిలో పని ఆగిపోతుంది. నా పేరు చెప్పను. చెప్తే ఈ కాశీబుగ్గలో పోల్చుకోనివాళ్ళుండరు.

మాది మేడ ఇల్లు. కింద నేనూ మావారూ ఉంటాం. ఆయన ఒక ఆఫీసులో గుమాస్తా. మాకు పిల్లలు లేరు. దాని గురించి ఇంతకంటే చెప్పను, అది సాకు కాకూడదు. మేడ మీది రెండు గదులూ అద్దెకిస్తాం. ఏడేళ్ళ కిందట అందులోకి ఢిల్లీశ్వరరావు, హైమ దిగారు. పెళ్ళయి నెల. ఇద్దరిదీ వజ్రపుకొత్తూరు వైపు సముద్రపు ఒడ్డు. ఇద్దరి ఇళ్ళలోనూ మగవాళ్ళు చేపల వేటకు వెళ్ళేవాళ్ళే. అతను ఐటీఐ చదివి, పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో మిషన్లు బాగుచేసేవాడు. ఆమె డయాలసిస్ సెంటర్లో టెక్నీషియను. వాళ్ళ నాన్నకు కిడ్నీలు పాడయ్యాయని తెలిసిన ఏడాదే పట్టుబట్టి ఆ చదువులో చేరిందట.

అలాంటి జంటను నేను అంతకుముందు చూడలేదు. గొప్పవాళ్ళని కాదు. చిన్న చిన్న వాటికి అంత సంతోషపడే మనుషుల్ని చూడలేదు. హైమ డ్యూటీ నుంచి వస్తూనే కాళ్ళు కడుక్కుని మా మెట్ల మీద కూర్చునేది. పైకి వెళ్ళకముందే ఆ రోజు సంగతులన్నీ నాకు చెప్పాలి.

"ఇయ్యాల ఒక తాత, సూది గుచ్చుతుంటే పాట ఎత్తుకున్నాడు పిన్నీ. పక్క మంచం మీదోళ్ళు కూడా అందుకున్నారు. ఇంకేటి సేత్తాను, నేనూ పాడేసినాను" అని ఒకరోజు నవ్వుతూ చెప్పింది. ఆమె గుచ్చితే నొప్పి తెలియదని, ఆమె డ్యూటీ ఏ పూటో కనుక్కుని మరీ వచ్చేవాళ్ళుండేవారట. ఆ మాట ఆమె చెప్పలేదు. బజారులో ఎవరో అంటే విన్నాను. విని, నా కూతుర్ని మెచ్చుకున్నట్టు పొంగిపోయాను.

ఢిల్లీ తక్కువ మాట్లాడేవాడు. వీధిలో ఎవరి మిక్సీ ఆగినా, ఎవరి ఫ్యాను తిరగకపోయినా అతని దగ్గరికే వచ్చేవి. ఆదివారం పొద్దున్నే ఇద్దరూ బండి మీద ఊరికి వెళ్ళి, మధ్యాహ్నానికి చేపలతో తిరిగొచ్చేవారు. ముందు మా గిన్నె నింపి తర్వాతే వాళ్ళ పొయ్యి వెలిగించేవారు. సాయంత్రం మేడ మీద ఆమె జడ వేసుకుంటుంటే అతను అద్దం పట్టుకుని నిలబడేవాడు. అద్దం సరిగ్గా పట్టలేదని ఆమె తిట్టేది. నేను కింద నుంచి వింటూ కూర్చునేదాన్ని. ఆ ఏడాది మా ఇల్లు ఇల్లులా ఉండింది.

ఏడాది తిరిగేసరికి ఢిల్లీకి విశాఖపట్నంలో ఒక పెద్ద కంపెనీలో ఉద్యోగం ఖాయమైంది. కోవా తెచ్చి ముందు మాకే ఇచ్చారు. హైమకు అక్కడే ఏదో ఆసుపత్రిలో పని దొరుకుతుందనీ, వాళ్ళ నాన్నను కూడా తీసుకెళ్ళి పెద్ద డాక్టర్లకు చూపిస్తామనీ చెప్పారు. మంచి మాట, వెళ్ళిరండి అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాననుకున్నాను. గదిలోకి వెళ్ళాక కోవా నోట్లో పెట్టుకోలేకపోయాను.

ఆ తర్వాత పది పన్నెండు రోజులకు, మిట్టమధ్యాహ్నం ఒకతను మా గేటు దగ్గర బండి ఆపాడు. కంపెనీ తరఫున అడ్రసు సరిచూడ్డానికి వచ్చానన్నాడు. ఢిల్లీకి ఫోను చేస్తే కలవడం లేదట. ఫ్యాక్టరీలో పనివేళ ఫోన్లు బయట పెట్టించేస్తారు. ఆ సంగతి నాకు తెలుసు.

"ఢిల్లీశ్వరరావు గారంటే ఈ ఇల్లేనాండి?"

"మేడ మీద ఉండేవారు" అన్నాను.

ఉన్నారు అనబోయి ఉండేవారు అన్నానా? కావాలనే అన్నానా? ఆరేళ్ళుగా ఆ ఒక్క మాటను తిప్పి తిప్పి చూస్తున్నాను. నోరు జారిందనే అనుకుందాం. ఆ తర్వాతవి జారినవి కావు.

"ఇప్పుడిక్కడ నేరేటండి?"

"ఖాళీ చేసి వెళ్ళిపోయారు."

"ఎక్కడికెళ్ళినారో తెలుసేటండి?"

"తెలీదు."

అతను తలెత్తి మేడ వైపు చూశాడు. తీగ మీద హైమ చీర, ఢిల్లీ చొక్కాలు ఆరుతున్నాయి. "ఆ బట్టలు?" అన్నాడు. "మావే" అన్నాను. మావారు చొక్కాలు వేసుకునే మనిషే కదా, అతనికి అనుమానం రాలేదు.

"మనుషులెలాటోల్లండి?" అని చివరగా అడిగాడు.

దానికి నేను జవాబు చెప్పలేదు. చెడ్డవాళ్ళని అనలేదు. అనలేదని చాలాకాలం నన్ను నేను సముదాయించుకున్నాను కూడా. కానీ ఇల్లుగలావిడ అలా పెదవి విప్పకుండా నిలబడితే అతను ఏమని రాసుకుని ఉంటాడు? ఫోనులో ఏదో నొక్కాడు, ఇంటికి ఫొటో తీసుకున్నాడు. ఎండన పడి వచ్చాడని గ్లాసుడు మంచినీళ్ళు ఇచ్చాను. తాగి, దండం పెట్టి వెళ్ళిపోయాడు. అంతా కలిపి ఐదు నిమిషాలు కూడా పట్టలేదు.

ఎందుకు చేశాను? వాళ్ళు వెళ్ళకూడదని. ఇంతకంటే పెద్ద కారణం వెతికాను, దొరకలేదు. ఉద్యోగం పోతుందని తెలియదా అంటే, తెలుసు. సాయంత్రం ఢిల్లీ రాగానే ఫలానా మనిషి వచ్చాడని ఒక్కమాట చెప్పి ఉంటే అంతా సరిపోయేది. చెప్దామని మెట్ల దాకా వెళ్ళాను. పైన వాళ్ళిద్దరూ విశాఖలో ఏ పేటలో ఇల్లు వెతకాలా అని మాట్లాడుకుంటున్నారు. తిరిగొచ్చేశాను.

వారానికి కంపెనీ నుంచి కబురు వచ్చింది, అడ్రసు తేలలేదు కాబట్టి ఉద్యోగం ఇవ్వలేమని. ఢిల్లీ సెలవు పెట్టి వాళ్ళ ఆఫీసుకు వెళ్ళాడు. అప్పటికే ఇంకొకర్ని తీసుకున్నారట. తిరిగొచ్చి మా వరండాలో కూర్చున్నాడు.

"డోరు నంబరు నేనే తప్పు రాసినానేమో పిన్నీ" అన్నాడు.

"అయ్యుండొచ్చు రా" అన్నాను.

మొదటి అబద్ధం కంటే నాకు ఇదే పెద్దదిగా కనబడుతుంది. మొదటిది ఎవరో తెలియని మనిషితో చెప్పాను. ఇది అతని ముఖం చూస్తూ చెప్పాను. తప్పు తనదే అని అతన్ని నమ్మనిచ్చాను. మర్నాడు ఢిల్లీ నీలం పెయింటు డబ్బా తెచ్చి మా గేటు మీద డోరు నంబరు రాశాడు, వీధి చివరికి కూడా కనబడేంత పెద్ద అంకెలు. "ఇంకెవరికీ ఇలాటిది జరగకూడదు" అన్నాడు. హైమ పక్కన నిలబడి, చివరి అంకె వంకరగా వచ్చిందని వెక్కిరించింది. ఉద్యోగం పోయిన వారానికే నవ్వుకుంటున్న ఆ ఇద్దర్నీ చూసి లోపలికి వెళ్ళి ఏడ్చాను. ఏడవడం ఎంత తేలిక.

వాళ్ళు పడిపోలేదు. అది వాళ్ళ గొప్పతనం, అందులో నాదేమీ లేదు. ఢిల్లీ ఫ్యాక్టరీలో పని చేస్తూనే జీడిగింజలు కోసే మిషను ఒకటి పాతది కొని మేడ మీద విప్పి కూర్చున్నాడు. జీడి రసం పడి చేతులు కాలిన ఆడవాళ్ళను రోజూ చూసేవాడు కదా, గింజ దగ్గరికి వేలు వెళ్ళకుండా దానికి ఏదో అమర్చాడు. ఎన్నిసార్లు పాడయిందో. ప్రతిసారీ హైమే ముందుగా కూర్చుని ఆ మిషను మీద గింజలు కోసి చూసేది. మూడేళ్ళకు వర్క్‌షాపు పెట్టుకున్నాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఫ్యాక్టరీలవాళ్ళు అతని కోసం వరస కడతారు. హైమ టెక్కలిలో కొత్త పిల్లలకు డయాలసిస్ పని నేర్పుతోంది.

కానీ వర్క్‌షాపు తెరవడానికి ముందే హైమ వాళ్ళ నాన్న పోయారు. విశాఖ తీసుకెళ్ళి ఉంటే ఇంకో నాలుగేళ్ళు ఉండేవారా? ఆ జబ్బుకు ఎవరు చెప్పగలరు అని అందరూ అన్నారు. ఎవరూ చెప్పలేరు. ఎవరూ చెప్పలేకపోవడం నాకు ఊరట అయి ఉండాల్సింది. కాలేదు.

వర్క్‌షాపు తెరిచిన రోజు నా చేతే రిబ్బను కత్తిరించారు. వద్దంటే వినలేదు. వచ్చినవాళ్ళందరి ముందూ ఢిల్లీ, ఎప్పుడూ మాట్లాడనివాడు, "మా పిన్ని నేకపోతే నేనీ ఊళ్ళో నిలబడేవోణ్ణే కాదు" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. తను ఎంత నిజం చెప్పాడో అతనికి తెలియదు. నేను తలవంచుకున్నాను. అందరూ సిగ్గుపడుతున్నాననుకున్నారు.

ఆ నెలలోనే వర్క్‌షాపుకు దగ్గరగా ఇల్లు తీసుకుని వెళ్ళిపోయారు. ఎప్పటికైనా వెళ్ళేవాళ్ళే కదా. ఇప్పటికీ ఆదివారం చేపలు తెచ్చిచ్చి వెళ్తారు. "ఏటి పిన్నీ, సిక్కిపోయినావు, తింటన్నావా నేదా" అని హైమ నా చెయ్యి పట్టుకుని నరం మీద వేలుపెట్టి చూస్తుంది, అది ఆమెకు అలవాటు. చెప్పేద్దామని ప్రతిసారీ అనుకుంటాను. చెప్తే క్షమిస్తారు. వాళ్ళు అలాంటివాళ్ళే. అక్కడే ఆగిపోతున్నాను. ఒకసారి వాళ్ళ దగ్గర తీసుకున్నది చాలదా, ఇప్పుడు నా తేలిక కోసం వాళ్ళ చేత క్షమ కూడా ఇప్పించుకోవాలా? లేకపోతే ఇదీ ఒక సాకేనా, ఆదివారాలు పోతాయన్న భయానికి నేను తొడిగిన మంచి పేరా? తెలియడం లేదు. నిజంగా తెలియడం లేదు.

మీరు ఎవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియదు. అందుకే మీకు చెప్తున్నాను. పోనీలెమ్మని మీరు అనవద్దు. అంతా మంచికే జరిగిందని అసలే అనవద్దు. ఆ మాట నేను నాకే చాలాసార్లు చెప్పి చూశాను.

ఢిల్లీ ఉద్యోగం పోగొట్టింది నేను. ఈ వాక్యం ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా, మనసులో అయినా, ఇలా పూర్తిగా అనుకోలేదు. రాశాక రెండుసార్లు చదువుకున్నాను. కొట్టేయలేదు.