డెల్మర్ క్రౌస్ రైఫిల్‌కు పట్టిన జబ్బు

మా ఊళ్లో ఇల్లు వెచ్చబెట్టే ఫర్నేసు మొరాయిస్తే డెల్మర్ క్రౌస్‌కే ఫోన్ చేస్తారు. వస్తాడు, నేలమాళిగలోకి దిగుతాడు, రేకుకు చెవి ఆనించి అయిదు నిమిషాల్లో జబ్బేమిటో చెప్పేస్తాడు. మా విస్కాన్సిన్ రాష్ట్రపు గడ్డకట్టే జనవరిలో అలాంటివాణ్ణి నెత్తిన పెట్టుకుంటాం. అంతటివాడికి తన సొంత రైఫిల్ జబ్బు తెలుసుకోవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. ఆ తొమ్మిదేళ్లూ నేను పక్కనే ఉన్నాను కాబట్టి ఎగతాళి చేసే హక్కు నాకుంది.

నా పేరు వెండెల్. మా రైఫిల్ క్లబ్బు జట్టుకు కెప్టెన్‌ని. ఏటా జూన్ చివరి శనివారం మాలో మేం పోటీ పెట్టుకుంటాం. పై నలుగురూ రాష్ట్ర పోటీకి వెళ్తారు. అయిదోవాడు అదనపు మనిషి, అంటే కుర్చీలూ నీళ్ల డబ్బా మోసేవాడు. తొమ్మిదేళ్లుగా ఆ అయిదోవాడు డెల్మరే. ఒక్కసారి, చచ్చేలోపు ఒక్కసారి, మోయడానికి కాకుండా కాల్చడానికి వెళ్లాలని అతని ఆశ. అరవై రెండేళ్లొచ్చాయి. కంట్లో శుక్లం మొదలైందని డాక్టరు చెప్పాడు.

మేం వాడేది తనంతట తానే తూటా ఎక్కించుకునే రైఫిల్. ఒకటి పేలగానే ఖాళీ తొడుగును బయటికి విసిరి, రెండోదాన్ని లోపలికి లాక్కుంటుంది. అందుకని దానిలో కదిలే ముక్కలు ఎక్కువ, కదిలేదల్లా గురిని ఎంతో కొంత చెడగొడుతుంది. డెల్మర్ ఆ ముక్కల మీద కక్ష కట్టాడు. కర్రకూ ఇనుముకూ మధ్య వెంట్రుక కూడా దూరకుండా జిగురు పోసి బిగించాడు. గొట్టం రెండుసార్లు మార్చాడు. ట్రిగ్గర్ ఎన్నిసార్లు విప్పాడో లెక్కలేదు. ఒక చలికాలమంతా భోజనాల బల్ల మీద రైఫిల్ పడుకుంటే, అతనూ భార్య లోర్నా వంటింట్లో నిలబడి తిన్నారు.

తీరా చూస్తే ఆ రైఫిల్‌కు వంక పెట్టడానికేం లేదు. ఇసుక మూటల మీద పెట్టి వంద గజాల నుంచి అయిదు తూటాలు కాలిస్తే, అన్ని చిల్లులూ ఒక పావు డాలరు బిళ్ల కింద దాక్కునేవి. అదే రైఫిల్ భుజానికి ఆనిందో, పదిలో రెండు కింద కుడిపక్కకు పోయేవి. ఆ రెండే అతన్ని అయిదోవాణ్ణి చేసేవి.

ఈ ఏడు పోటీకి రెండు వారాల ముందు, శుక్రవారం క్లబ్బులో చేపల వేపుడు తింటూ మూడో గొట్టం మాట ఎత్తాడు.

"ఈసారి దొంగ దొరికాడు వెండెల్. గొట్టం వేడెక్కి వంగుతోంది."

"పోయినేడు ట్రిగ్గర్ అన్నావు."

"పోయినేడు ట్రిగ్గరే."

బయటికొచ్చాక లోర్నా నా చొక్కా పట్టుకుని ఆపింది. "నీ దగ్గర ఉత్తుత్తి తూటాలున్నాయా? ఓ రెండివ్వు."

మందు లేని ఆ తూటాను అసలువాటి మధ్య చాటుగా కలపడం కొత్తగా నేర్చుకునేవాళ్లకు పెట్టే పరీక్ష. ముప్ఫయ్యేళ్లు కాల్చినవాడికి పెడితే అవమానం. అయినా ఇచ్చాను.

ఆదివారం చర్చి అయ్యాక క్లబ్బు మైదానంలో తూటాలు నింపే పని లోర్నా తీసుకుంది. డెల్మర్ చాప మీద బోర్లా పడుకుని మొదలెట్టాడు. రెండు పేలాయి. రైఫిల్ మూడోదాన్ని తానే ఎక్కించుకుంది, అదేమిటో అతనికి తెలిసే వీల్లేదు. ట్రిగ్గర్ నొక్కాడు. టిక్కుమంది, అంతే. కానీ గొట్టం మాత్రం గింజ పొడిచే కోడిలా ముందుకు వంగింది. అతని కళ్లు రెండూ గట్టిగా మూసుకుని ఉన్నాయి.

"ట్రిగ్గర్ జారింది," అన్నాడు కళ్లు తెరిచి.

"జారింది నువ్వు," అంది లోర్నా. "కానియ్, ఇంకొకటుంది."

ఏడోదీ అంతే. పేలకుండానే ఉలిక్కిపడ్డాడు. లేచి కూర్చుని చేతులకేసి చూసుకున్నాడు.

"ఎప్పట్నించి ఇలా?"

"నేను చూసి రెండేళ్లయింది."

"రెండేళ్లా? మరి చెప్పవేం?"

"పోయినేడు చెప్పా. ట్రిగ్గర్ మార్చావు."

నేను నవ్వాపుకోలేక చచ్చాను. తర్వాత లోర్నా అతన్ని పక్కకు జరగమంది. పాడి పశువుల మధ్య పెరిగిన పిల్ల, పొలంలో బొరియలు తవ్వే జంతువులను తుపాకీతో కొట్టిన చెయ్యి. పది కాల్చింది. తొమ్మిది నడిమధ్యన పడ్డాయి. డెల్మర్ దూరదర్శినిలోంచి చాలాసేపు చూశాడు. అప్పుడతని మొహం చూసి నా నవ్వు ఆగిపోయింది.

ఆ రెండు వారాలూ అతను పట్టకారు ముట్టుకోలేదు. సాయంత్రం కారు షెడ్డులో ఖాళీ రైఫిల్ గొట్టం మీద లోర్నా నాణెం నిలబెట్టేది, అది పడకుండా ట్రిగ్గర్ నొక్కాలి. నేను వెళ్లినప్పుడల్లా నాణెం కింద పడిన చప్పుడూ, "మళ్లీ" అన్న లోర్నా గొంతూ వినిపించేవి. పోటీకి లోర్నా పేరు కూడా రాయించింది డెల్మరే. ఒకే రైఫిల్, మొదటి విడతలో అతను, రెండో విడతలో ఆమె.

శనివారం పోటీ అయ్యాక పాయింట్ల కాగితాలు లెక్కేశాను. డెల్మర్ తన జన్మలో ఎన్నడూ కాల్చనంత బాగా కాల్చాడు. ఒక్కటే పక్కకు పోయింది. మామూలుగా అయితే నాలుగో స్థానం. కానీ లోర్నా అతనికంటే ఒక్క పాయింటు ఎక్కువ తెచ్చింది. ఆ ఫలితం పైకి చదవకుండా కాగితం వాళ్ల చేతికే ఇచ్చాను.

"నేను తప్పుకుంటా వెండెల్," అంది లోర్నా వెంటనే. "నాకెందుకివన్నీ, ఆయన్ని పంపు."

డెల్మర్ మొహం జేవురించింది. బాధపడ్డాడు, పడలేదంటే అబద్ధం. కాసేపు టోపీ తీసి పెట్టుకున్నాడు, మళ్లీ తీశాడు.

"తప్పుకున్నావో, నీతో మాట్లాడను," అన్నాడు. "తొమ్మిదేళ్లు ఆ రైఫిల్‌కు చాకిరీ చేశాను. అది జట్టులోకెక్కింది. దించుతానంటావేం?"

రాష్ట్ర పోటీలో కుర్చీలు యథాప్రకారం డెల్మరే మోశాడు. లోర్నా కాలుస్తుంటే వెనక కూర్చుని, దూరదర్శినికి కన్ను ఆనించి, ఏ దెబ్బ ఎక్కడ తగిలిందో చెప్పే పని అతనిది. నేను టార్గెట్ వదిలేసి అతన్నే చూశాను. మొదటి మోతకు రెప్ప పడింది, రెండోదానికీ పడింది. తగిలిన చోటు చెప్పడానికి తడుముకున్నాడు. ఆరోదాకా అంతే. ఏడో మోతకు కన్ను తెరిచే ఉంది. పదోదానికి కూడా.

"నడిమధ్యన," అన్నాడు అటే చూస్తూ. తర్వాత నావైపు తిరిగాడు. "వెండెల్, మోగినప్పుడు టార్గెట్ వెనక మట్టి లేవడం కనిపిస్తుందని నాకు తెలియనే తెలియదు."