సముద్రం అడుగున మా అత్త

ఆ రోజుల్లో మా పాకాల ఊళ్లో ఎవరైనా వీపుకు పెద్ద సంచి తగిలించుకుని రైలెక్కితే, మిలిటరీకి పోతున్నాడని అనుకునేవాళ్లు. ఊరికే తిరిగి రావడానికి, అదీ ఒక ఆడపిల్ల, అదీ సముద్రం మధ్యలో ఉన్న దీవులకు పోతుందంటే ఎవరికీ నమ్మకం కుదిరేది కాదు. రెండు వేల సంవత్సరం దాటిన కొత్త. నాకు ఇరవై మూడేళ్లు, మద్రాసులో మొదటి ఉద్యోగం. (ఆ వయసులో ఉన్నంత లోకజ్ఞానం నాకు మళ్లీ ఎప్పుడూ లేదు.) ఆఫీసులో ఇద్దరు స్నేహితురాళ్లతో కలిసి అండమాన్ పోవాలని, వీపుకు గాలి సిలిండర్ కట్టుకుని సముద్రం లోపలికి దిగి చేపలను చూడాలని పథకం వేశాను. తీరా ఒకామెకు పెళ్లిచూపులు వచ్చాయి, ఇంకొకామెకు కామెర్లు వచ్చాయి. (రెండింటికీ పథ్యం తప్పదు కదా.) నేను ఒక్కదాన్నే మిగిలాను.

"పెద్దోళ్లు ఎవురన్నా తోడొస్తే పో, లేదంటే గమ్మునుండు" అన్నాడు నాయన. ఏ పెద్దవాళ్లూ రారని ఆయన ధీమా. ఆ ధీమాను చెడగొట్టింది ఆయన చెల్లెలే. మా మేనత్త పలమనేరులో ఆవులు పెట్టుకుని పాలు పోసేది. సంగతి తెలిసి ఫోన్ చేసి, "నేను పోతాలే అన్నా. ఎన్నాళ్లని ఈ పేడ ఎత్తేది? ఈ పది దినాలు మీ బావ ఎత్తనీ" అంది. నాయన ఇక వెనక్కి తగ్గలేకపోయాడు. నేనూ తగ్గలేకపోయాను.

ఓడలోకి అత్త బియ్యం సంచి నిండా రాగిపిండి, ఊరగాయ, నెయ్యి తెచ్చుకుంది. పోర్ట్ బ్లెయిర్‌లో ఓడ దిగి, అక్కడి నుంచి చిన్న పడవలో ఒక మారుమూల దీవికి చేరాం. ఇసుకలో నేను నా కొత్త బ్యాగు బరువుకు వంగిపోయి నడుస్తుంటే, అత్త సంచి నెత్తిన పెట్టుకుని చేతులూపుకుంటూ ముందు పోయేది. వెనక్కి తిరిగి, "ఏం మే, నడుం ఇరిగిన ఆవు మాదిరి నడస్తా ఉండావే?" అనేది.

మరునాడు పొద్దున మమ్మల్ని సముద్రంలోకి దించడానికి ఒక డైవింగ్ మాస్టరు కుదిరాడు. తమిళం మాట్లాడే కుర్రవాడు. గుడియాత్తం వ్యాపారులతో బేరాలాడి అత్తకు తమిళం బాగా వచ్చు కాబట్టి నాకు దుబాసీ పని తప్పింది. (తప్పకుండా ఉంటే బాగుండేది.) పడవలో కూర్చోబెట్టి అతను సైగలు నేర్పాడు. బొటనవేలు, చూపుడువేలు కలిపి సున్నా చుడితే అంతా బాగుందని. బొటనవేలు పైకి చూపిస్తే పైకి తీసుకుపొమ్మని. ఆ తర్వాత గొంతు తగ్గించి చెప్పాడు: "అన్నిటికన్నా ముఖ్యం, లోపల ఊపిరి బిగబట్టకూడదు. బిగబట్టి పైకి వస్తే ఊపిరితిత్తులు పగిలిపోతాయి." అత్త వైపు చూశాను. ఆమె పొట్టి చేతుల రబ్బరు సూటును కిందికి లాక్కుంటూ, "ఈ అవతారంలో మీ మామ చూసినాడంటే ఇంట్లోకి రానీడు" అని గొణుక్కుంటూ ఉంది. విన్నదనే అనుకున్నాను.

నీళ్లలోకి దిగాం. మాస్టరు మా ఇద్దరి మధ్యలో ఉండి, చెరొక చేత్తో మా సిలిండర్ల పట్టీలు పట్టుకుని మెల్లగా కిందికి తీసుకుపోయాడు. చెవులు నొక్కుకుపోయాయి. నోట్లో గొట్టం నుంచి వచ్చే గాలి చప్పుడు నా గుండె చప్పుడుకన్నా గట్టిగా వినిపించింది. రెండు మిద్దెల లోతు దిగాక పగడాల మీద పసుపుపచ్చ చేపలు గుంపుగా కనిపించాయి. ఆ సంతోషంలో అత్త వైపు తిరిగాను.

నా తల చుట్టూ బుడగలు. మాస్టరు తల చుట్టూ బుడగలు. అత్త దగ్గర ఒక్క బుడగ లేదు.

మొదట ప్రాణం పోయిందేమో అనుకున్నాను. కానీ ఆమె కళ్లు పెద్దవి చేసుకుని చేపలను చూస్తూనే ఉంది. అప్పుడు అర్థమైంది. పెళ్లికి ముందు మా ఊరి మోటబావిలో మునిగితే, ఒడ్డున ఉన్నవాళ్లు ఏడుపు మొదలుపెట్టే దాకా పైకి తేలని మనిషి ఆమె. నీళ్లు కనిపించగానే అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టింది. చాలాసేపటికి ఒకసారి కొంచెం వదిలి, మళ్లీ బిగబట్టింది. నేను మాస్టరు భుజం తట్టి అత్త నోరు చూపించాను. అతను ఆమె ముఖం ముందు ఈదుతున్న చేపను చూసి, బాగుంది బాగుంది అని సున్నా చుట్టాడు. కాదని తల ఊపాను, చేతులు ఊపాను. ఏం చేయాలో తోచక, అన్నీ నేర్చుకున్నదానిలా, బొటనవేలు పైకి చూపించాను.

అతను వెంటనే మా ఇద్దరి పట్టీలు గట్టిగా పట్టుకుని పైకి లేపడం మొదలుపెట్టాడు.

ఊపిరి బిగబట్టిన మనిషిని పైకి తీసుకుపొమ్మని నేనే చెప్పాను! నీళ్లలో ఉండి కూడా నాకు చెమట పట్టినట్టు అనిపించింది. పైన వెలుగు దగ్గరపడుతోంది. అత్త బుగ్గలు ఉబ్బించుకుని హాయిగా తేలుతోంది. అరుద్దామంటే నోట్లో గొట్టం. ఇక ఆలోచించలేదు. మాస్టరు ముందు నుంచి చేయి చాపి, అత్త ముంజేతిని పట్టుకుని, నా బలమంతా పెట్టి గిల్లాను.

అత్త అరిచింది. గొట్టం పళ్ల మధ్యనే ఉంది, తిట్లు మాత్రం ఆగలేదు. గుబగుబమని బుడగలు తెరలు తెరలుగా లేచాయి. అంత అందమైన దృశ్యం నేను ఆ దీవిలో మరొకటి చూడలేదు. ఆమె నన్ను కొట్టడానికి చెయ్యెత్తింది కానీ, నీళ్లలో దెబ్బ నిదానంగా వచ్చి నా చెంపను నిమిరి పోయింది. మాస్టరుకు అప్పుడు సంగతి అర్థమైంది. అక్కడే ఆపి, ఆమె కళ్లలోకి చూస్తూ, ఊపిరి తీసుకో, వదులు అని చేత్తో చూపిస్తూ, ఒక్కో బుడగనూ కనిపెట్టుకుంటూ పైకి తెచ్చాడు.

పడవలో మాస్కు తీయగానే, "నీకు దయ్యం గాని పట్టిందా మే? రక్తం కారేట్టు గిల్లినావే!" అంది. నేను వలవలా ఏడ్చాను. మాస్టరు జరిగింది చెప్పాడు. అత్త నేను గిల్లిన చోట రుద్దుకుంది. తర్వాత చిన్నగా, "డబ్బాలో గాలే గదా తంబీ, యాడ అయిపోతాదో అని మిగిలిస్తా ఉండినా" అంది. మాస్టరు తల పట్టుకుని కూర్చున్నాడు.

అంతటితో పీడ వదిలిందనుకున్నాను. సాయంత్రం రాగిసంగటి పెడుతూ అత్త అతన్ని అడిగింది: "రేపు ఇంగోసారి దిగొచ్చునా?"

"నేనూ వస్తా" అన్నాను భయంగా.

"నువ్వొద్దు మే. నువ్వు గిల్లతావు."

మరునాడు మోకాళ్లలోతు నీళ్లలో ఆమె చేత చాలాసేపు ఊపిరి పాఠం వల్లె వేయించాకే అతను లోపలికి తీసుకుపోయాడు. నేను పడవ అంచు పట్టుకుని, నీళ్ల మీదికి వస్తున్న బుడగల మీదనుంచి చూపు తిప్పకుండా కూర్చున్నాను. అలలో అవి కనిపించకుండా పోయినప్పుడల్లా నా ఊపిరి నేనే బిగబట్టాను. నాయనకు ఏమని ఫోన్ చేయాలో మాటలు కూడా కూర్చుకున్నాను. అత్త పడవకు అవతలి పక్క తేలి, తన కోసం ఇటు పక్క వెతుకుతున్న నన్ను చూసి నవ్వింది.

"ఏం చూసినావు అత్తా?" అన్నాను.

జుట్టు పిండుకుంది. "చేపలుండాయి, తాబేలు ఉండాది. అది గాదు పాపా... ఆడ నన్ను ఎవురూ పిలిచేవాళ్లు లేరు."

పలమనేరు చేరాక, సముద్రంలో నేను భయపడి ఏడిస్తే తానే చెయ్యి పట్టుకుని పైకి తెచ్చానని ఊరంతా చెప్పింది. నేను కాదనలేదు.

అప్పుడు అత్తకు నలభై ఆరేళ్లు. 'అయ్యో, ముసలామెను ఇంత దూరం తెచ్చి చంపబోయానే' అని ఆ పడవలో కుమిలిపోయిన పిల్లకు మొన్న అదే వయసు నిండింది. ఇప్పుడు ఆ పిల్ల ఎదురుపడితే దగ్గరకు పిలిచి, కన్నీళ్లు తుడిచి, ఆ తర్వాత నిదానంగా అడగాలనిపిస్తుంది: "అది సరేగానీ పాపా, ముసలామె ఎవురే?"