గుల్ల ఉందన్న మాట

భూగర్భజలాల ఆఫీసులో నా పని బోర్లలో నీటిమట్టం కొలవడం. పుట్టింది ప్రొద్దుటూరులో. పెన్న ఇసుకలో రెండు బారలు తవ్వితే నీళ్లూరే ఊరు కాబట్టి, నీళ్ల కోసం మనుషులు ఏడుస్తారని నాకు ఉద్యోగంలో చేరాకే తెలిసింది.

జమ్మలమడుగు చుట్టుపక్కలంతా నాపరాయి. అక్కడ నీళ్లుండేది రాతి పగుళ్లలో, రాయి కరిగి ఏర్పడిన ఖాళీల్లో. ఆ ఖాళీని గుల్ల అంటారు. బోరు వేస్తుంటే రాడ్డు ఉన్నట్టుండి జారిందంటే గుల్ల తగిలినట్టు. వెంటనే టెంకాయ కొట్టేస్తారు. నీళ్లు పడ్డాయా లేదా అన్నది తర్వాతి సంగతి.

మా అక్కను పులివెందుల దగ్గరి పల్లెకు ఇచ్చాం. అక్కడి రాయీ ఇలా కరిగి గుల్లపడేదే. బావకు కాపు మీదున్న చీనీ, అంటే బత్తాయి తోట, ఒకే ఒక్క బోరు. ఆ ఎండాకాలం రెండించుల నీళ్లు ఇంచుకు తగ్గాయి. చెట్ల కొనలు ఎండుతున్నాయి.

"ఇంగా లోతుకు దింపితే ఎట్లుంటాది, బామ్మర్దీ?" అని అడిగాడు.

అక్క అన్నం వడ్డిస్తోంది. ఆమె ముందు కాస్త పెద్దమనిషిలా కనబడాలనిపించింది. ఆ ప్రాంతపు రాతి తీరు కాగితాల్లో చూసినవాణ్ణి కదా, కింద గుల్ల ఉంటుంది బావా అన్నాను. గుల్ల ఉత్తదీ కావచ్చని తెలుసు. ఆ మాట మాత్రం అనలేదు.

బావ బోరు దింపించాడు. రాడ్డు జారింది, టెంకాయ కొట్టారు. పైకి దుమ్ము తప్ప ఏమీ రాలేదు. మర్నాడు మోటరు దించితే పాత ఇంచు నీళ్లూ లేవు. బావ కేసింగు పైపుకు చెవి ఆనించి చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత నన్నూ వినమన్నాడు.

"నీళ్ల సప్పుడే. కిందికి పోతాండాయి," అన్నాడు.

పై రాయి పట్టి ఉంచిన నీళ్లు, మేం పొడిచిన బెజ్జంలోంచి ఉత్త గుల్లలోకి కారిపోతున్నాయి. నాకు తలెత్తబుద్ధి కాలేదు. అడుగున బంకమన్ను, సిమెంటు వేసి పూడ్చాం. నీళ్లు మళ్లీ చేరలేదు. కొన్నాళ్లు ట్యాంకర్లు తోలించి, ఆఖరికి చెట్లు కొట్టించాడు.

కొట్టించిన రోజు నేను వెళ్లాను. అక్క ఇంట్లోంచి బయటికి రాలేదు. బావ మొద్దు మీద కూర్చుని బీడీ ముట్టించాడు.

"నువ్వు చెప్పింది నిజమే గదప్పా. గుల్ల ఉన్నింది," అన్నాడు.

అందులో ఎగతాళి లేదు. ఆఫీసరు బామ్మర్ది లెక్క తప్పలేదని నిజంగానే అనుకున్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.