మామిడాకు రంగు చొక్కా

పెళ్ళి కుదిరిన అబ్బాయికీ అమ్మాయికీ మధ్య నలుగురు పెద్దవాళ్ళూ ఒక ల్యాండ్‌లైన్ ఫోనూ ఉండే రోజులవి. ఇప్పటి పిల్లలు నిశ్చితార్థం ఫొటోలకి నెల ముందే ఏ పూట ఏ బట్టలో సెల్లులో చూపించుకుని తేల్చేసుకుంటుంటే నాకు అసూయేం కలగదు గానీ, నా సంగతి గుర్తొచ్చి ఒళ్ళు కాస్త జలదరిస్తుంది. నేనప్పుడు రేపల్లెలో ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల మాస్టారిని. అమ్మా, అక్కా ఉండేది తెనాలిలో. సంబంధం బాపట్లలో కుదిరింది. అమ్మాయి నచ్చింది అని ఊరుకుంటే అన్యాయమవుతుంది. పెళ్ళిచూపుల్లో నేను కంగారులో కాఫీ కప్పు వదిలేసి ఖాళీ సాసరు నోటిదాకా తీసుకెళ్తే, ఆ అమ్మాయి నవ్వలేదు. నేను సర్దుకునేదాకా కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చుంది. ఆ మర్యాదకి నేను పడిపోయాను. ఆ సంబంధం ఎలాగైనా నిలబడాలని దేవుళ్ళందరికీ విడివిడిగా చెప్పుకున్నాను.

భయమల్లా కాబోయే మామగారితోనే. హెడ్మాస్టరుగా చేసి రిటైరయ్యారు. బాపట్లలో ఆయన్ని రైట్ టైం మాస్టారు అనేవాళ్ళు. నాకంటే ముందు కుదిరిన అబ్బాయి తన ఎదుట కాలు మీద కాలేసుకున్నాడని, తాంబూలాలకి రెండు రోజుల ముందు ఆ సంబంధం వద్దనేశారట. ఈ సంగతి మా సంబంధం తెచ్చిన పెద్దాయనే చెప్పాడు. (చెప్పకుండా ఉంటే ఆయన సొమ్మేం పోయేదో నాకిప్పటికీ తెలియదు.) అప్పట్నుంచీ ఒంటరిగా గదిలో కూర్చున్నా నా రెండు కాళ్ళూ నేలమీదే ఉండేవి.

నిశ్చితార్థానికి ముందు ఆదివారం ఇద్దరికీ ఫొటోలు తీయించాలని మా అక్క పట్టుబట్టింది. తెనాలిలో మా వీధి చివర స్టూడియో పెట్టుకున్న ఆయన కొత్తగా డిజిటల్ కెమెరా కొన్నాడు. ఎవర్ని నిలబెట్టినా 'కదలొద్దు, కదలొద్దు' అంటాడు కాబట్టి ఊరందరికీ ఆయన కదలొద్దు బాబాయ్. "చీరకీ చొక్కాకీ రంగు కలవాలిరా. ఇప్పుడందరూ అలాగే దిగుతున్నారు. ఆ అమ్మాయి ఏం కట్టుకుంటుందో ఫోన్ చేసి కనుక్కో" అంది అక్క. నువ్వే చెయ్యవే అంటే, "పెళ్ళి నీదా నాదా?" అంది.

సోమవారం సాయంత్రం స్కూలయ్యాక రేపల్లె స్టేషన్ దగ్గర ఎస్టీడీ బూత్‌లోకి దూరాను. ఏమని అడగాలో దారంతా అనుకుంటూనే వచ్చాను. 'మీ అమ్మాయి' అంటే మొరటుగా ఉంది. 'అమ్మాయిగారు' అంటే వాళ్ళింట్లో పనికి కుదిరినట్టుంది. పేరు పెట్టి పిలిచే ధైర్యం నాకు లేదు. పైగా చీరయితే కట్టుకుంటారు, చుడీదారైతే వేసుకుంటారు. ఏది అనాలి? ఫోను ఆయనే ఎత్తారు.

"నమస్కారమండి. నేనండి, రేపల్లె నుంచి."

"ఊఁ. చెప్పండి."

అనుకున్న మాటలన్నీ ఎగిరిపోయాయి. "ఆదివారం ఫొటోలకి... ఏ రంగు వేసుకుంటున్నారండి?" అన్నాను.

గోడ మీద బిల్లు మీటరు ఎర్రంకెలు మారుస్తోంది. నా వీపు మీద చెమట కారడం నాకు తెలుస్తోంది.

"ఎందుకు?" అన్నారాయన.

"అంటే... రంగులు కలిస్తే బాగుంటుందనండి. నేనూ అదే రంగు వేసుకుందామని."

మీటరు మీద ఇంకో రూపాయి పెరిగింది. చివరికి, "రేపు ఇదే టైముకి చెయ్యండి. చెప్తాను" అని పెట్టేశారు.

ఆ ఇరవై నాలుగు గంటలూ ఎలా గడిచాయో చెప్పలేను. పదో తరగతికి బోర్డు మీద లెక్క చేస్తూ జవాబు దగ్గర ఆగిపోయి, వెనక్కి తిరిగి పిల్లల్నే అడిగాను. చెప్పడానికి ఒక రోజెందుకు? పెళ్ళికి ముందే ఆడపిల్ల బట్టల గురించి ఆరా తీసే మనిషినని అనుకున్నారా? రేపు చెప్తానన్నది రంగేనా, లేక సంబంధం వద్దనా? మర్నాడు చెప్పిన టైముకి నిమిషం తేడా రాకుండా ఫోన్ చేశాను.

"ఆకుపచ్చ" అన్నారు.

"లేతదాండి, ముదురుదాండి?"

"మామిడాకు రంగు" అని పెట్టేశారు.

సంబంధం నిలిచింది. ఆ పూట రేపల్లెలో నాకు ఎదురొచ్చిన ప్రతివాడూ మంచివాడిలాగే కనిపించాడు. తెనాలికి కబురు చేస్తే, మా అక్క పక్కింటి చెట్టు నుంచి మామిడాకు కోసుకుని బట్టల షాపులన్నీ తిరిగింది. శనివారం పాసింజర్లో ఇంటికి వెళ్ళేసరికి చొక్కా సిద్ధంగా ఉంది. నా రంగు మీద ఆ ఆకుపచ్చ ఎలా ఉందో చెప్పడానికి మా అమ్మకి మనసొప్పలేదు. అక్కకి ఒప్పింది. "చెట్టు పక్కన నిలబడకు. ఫొటోలో దొరకవు" అంది.

ఆదివారం పొద్దున్నే స్టూడియో ముందు నేను, అక్క నిలబడ్డాం. కొత్త కాలరు మెడ కోస్తోంది. బాపట్ల బండి దిగి వాళ్ళు ఆటోలో వచ్చారు. ముందు అత్తగారు దిగారు. తర్వాత అమ్మాయి దిగింది. వంగపండు రంగు పట్టుచీర. నేను చీర వంక చూశాను, నా చొక్కా వంక చూసుకున్నాను. రంగు మార్చి నన్ను పరీక్ష చేస్తున్నారనుకున్నాను. అక్క నా మోచెయ్యి గిల్లి, "ఏంట్రా ఇది, సరిగ్గా విన్నావా?" అంది పళ్ళ మధ్యలోంచి.

అప్పుడు ఆటో అవతలి వైపు నుంచి మాస్టారు దిగారు. మామిడాకు రంగు చొక్కా. ఇస్త్రీ మడత కూడా చెదరలేదు. అంతకు ముందు నేనాయన్ని రెండుసార్లు చూశాను, రెండుసార్లూ తెల్లబట్టల్లోనే. ఆయన నా దగ్గరికొచ్చి, నా కాలరు నుంచి కింది గుండీ దాకా చూశారు. పెళ్ళిచూపుల్లో కూడా రాని నవ్వు ఆ మొహంలోకి మెల్లిగా వచ్చింది.

"సరిగ్గా కుదిరింది" అన్నారు.

"నలభై ఏళ్ళ నుంచీ తెల్ల చొక్కా తప్ప ఎరగరు" అన్నారు అత్తగారు. "మంగళవారం పొద్దున్నే లేచి బట్టల షాపుకెళ్ళారండి. టైలరు దగ్గర రోజూ కూర్చుని కుట్టించారు. ఎందుకండీ అంటే చెప్పరు."

"అబ్బాయి అడిగారు" అన్నారాయన, కొంచెం సిగ్గుపడుతూ. "మా ఇంట్లో నేనేం వేసుకుంటానని ఎవరూ ఎప్పుడూ అడగలేదండి. అందరూ తెలుపే అనుకుంటారు."

'వేసుకుంటున్నారండి' అన్న నా మాట అప్పుడు నా తలలో గంటలా మోగింది. అక్కకీ అర్థమైపోయింది. నిజం కడుపులో దాచుకునే అలవాటు లేని మనిషి. "అయ్యో, మాస్టారండీ, మావాడు అడిగింది..." అని మొదలుపెట్టింది. అమ్మాయి వాళ్ళ నాన్న వంక చూసి, నా వంక చూసి, చప్పున పైటచెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన నవ్వు ఇంకా అలాగే ఉంది. అది పోవడానికి ఇంకో రెండు మాటలు చాలు.

"మిమ్మల్నేనండి" అన్నాను గట్టిగా. "మీతో కలిసి ఒక ఫొటో దిగాలని అడిగానండి."

ఆ మాట అబద్ధమే. కానీ అనేశాక మాత్రం అలా అనిపించలేదు.

లోపల కదలొద్దు బాబాయ్ మా ఇద్దర్నీ పక్కపక్కన నిలబెట్టి, "జంట బాగా కుదిరింది. కదలొద్దు" అన్నాడు. తర్వాత అమ్మాయి వంతు వచ్చేసరికి తెల్లబోయి, "బాబూ, ఈ చీర పక్కన ఇది నప్పదు. నా దగ్గర కోటుంది, మార్చుకో" అన్నాడు. వెనక నుంచి మాస్టారు, "మార్చక్కర్లేదు. బాగానే ఉంది" అన్నారు. ఇక మార్చుకునే మగాడెవడు. నేను ఊపిరి బిగబట్టి నిలబడ్డాను. లైటు వెలిగే ముందు అమ్మాయి పెదవులు కదపకుండా, "వంకాయా తొడిమా లాగా ఉన్నామండి" అంది. మా ఇద్దరి మధ్య మొదటి సొంత మాట అది. నవ్వు ఆపుకోవడంలో నేను కదిలాను. బాబాయ్ తిట్టాడు. సర్దుకుంటుంటే మళ్ళీ తనే, "నాన్నకి ఎప్పుడూ చెప్పకండి" అంది. చెప్పనన్నాను. చెప్పలేదు.

సాయంత్రం వాళ్ళని తెనాలి స్టేషన్లో బండెక్కించాం. మాస్టారు కిటికీ దగ్గర కూర్చుని చాలాసేపు ఏదో ఆలోచించారు. బండి కదలబోతుండగా, "నిశ్చితార్థానికి నేను సన్న గళ్ళది అనుకుంటున్నాను. మీరో?" అన్నారు. "నేనూ గళ్ళేనండి" అన్నాను. అక్క నెత్తి కొట్టుకుంది.

ఆ తర్వాత పదిహేనేళ్ళలో మా ఇళ్ళలో జరిగిన ఏ శుభకార్యం ఆల్బమ్ తిరగేసినా మామాఅల్లుళ్ళం ఒకే రంగులో ఉంటాం. భయం ఎప్పుడు పోయిందో గుర్తులేదు. ఆయన ఎదుటే కాలు మీద కాలేసుకుని పేపరు చదివే రోజులూ వచ్చాయి, ఆయన చూసి ఏమీ అనేవారు కాదు. ఇప్పుడు ఆయన లేరు, నేను మాట తడబడకుండా ఎవరితోనైనా మాట్లాడగలను. కానీ ఒక మనిషికి నచ్చాలని అంత కష్టపడి, చెమటలు కక్కుతూ, ఒక్కో మాటా తూచుకున్న ఆ ఇరవై ఆరేళ్ళ కుర్రాడిని తలుచుకుంటే నవ్వొస్తుంది. వాడంటే నాకు కొంచెం గౌరవం కూడా.