రెండు మూరల లాబీ

డెబ్బై ఎనిమిదో సంవత్సరం మా ఊరి మగవాళ్ళంతా ఇంగ్లీషులో పడ్డారు. చెరకు నరికేవాడు లాబీ అంటాడు, ఎనుములు తోలేవాడు స్ట్రగుల్ అంటాడు. అందరికీ ఆ పిచ్చి అంటించింది మా ఆయన గంగాధరం. ఆయన చదివింది నాలుగో తరగతి. నన్ను మూడుతోనే మానిపించారు. అయినా ఆ మాటలన్నీ నాకిప్పటికీ నోటికి వచ్చు. ఆయన పోయి ఏడాది దాటింది. ఏ పని చేస్తున్నా చేతులు మధ్యలో ఆగిపోతుంటాయి. ఆ ఏటి సంగతి తలుచుకుంటే మాత్రం లేచి నిలబడాలనిపిస్తుంది.

మాది వడమాలపేట పక్కన చిన్న పల్లె. ఆయన పని బెల్లం వండడం. మునిరామయ్య గారి గానుగ దగ్గర సీజనంతా పెనం ముందే ఉండేవాడు. సన్నటి మనిషి, మాట తక్కువ. సాయంత్రం పెనం దించాక పంచె ఎగ్గట్టి బరిలో దిగితే మాత్రం వేరే మనిషి. కూతకు వెళ్ళాడంటే ఎవరినో ఒకరిని తాకకుండా తిరిగి వచ్చేవాడు కాదు.

గానుగ పక్కన చెరకు పిప్పి ఆరబోసే చదును నేలే మా ఊరి బరి. దానికి ఒక పక్క కుప్పయ్య చేనికి వేసిన కంప. ఇంకో పక్క పెనం కింద మంట పెట్టే పొయ్యి గుంత. అటు పడితే ముళ్ళు, ఇటు పడితే నిప్పులు. మా ఊళ్ళో తాతల నాటి నుంచి ఆట నేర్చుకున్నవాళ్ళందరూ ఆ రెంటి మధ్యే నేర్చుకున్నారు. పక్కగీత దగ్గరికి వచ్చేసరికి ఒళ్ళు దానంతటదే లోపలికి తిరిగేది. ఊళ్ళో ఆడినంతకాలం దానివల్ల నష్టమేమీ లేదు. పుత్తూరు పోటీలకు వెళ్ళాకే తెలిసింది.

అక్కడ మేమనే చెడుగుడు కాదు, కబడ్డీ. రూళ్ళు ఉంటాయి, ఈల ఉంటుంది, మాటలన్నీ ఇంగ్లీషువి. అంతకు ముందటేడు మావాళ్ళు ఫైనలు దాకా వెళ్ళారు. చివరి కూత మా ఆయనదే. ఒకడిని తాకాడు. వాడు నడుము పట్టుకున్నాడు. ఇద్దరూ దొర్లుకుంటూ పక్కగీత దాటారు. దాటామని తెలియగానే మా ఆయన కూత ఆపేసి, లేచి, ఒళ్ళు దులుపుకున్నాడు. నడిమి గీత ఆయన చేతికి జానెడు దూరంలో ఉంది. ఈల మోగింది. ఆట పోయింది.

రెఫరీ శ్రీనివాసులు సారు పుత్తూరులో డ్రిల్ మాస్టరు. ఆట అయ్యాక ఆయనే టీ అంగడి దగ్గరికి వచ్చి అడిగాడట.

"ఏమప్పా, కూత ఎందుకు ఆపేస్తివి?"

"గీత దాటితి కదా సార్. బయటికి పోయినోడు సచ్చినోడే కదా."

"అది బయట కాదప్పా, లాబీ. పక్కగీత అవతల రెండు మూరల నేల. ఒకరినొకరు తాకినారంటే స్ట్రగుల్ మొదలైనట్టు. స్ట్రగుల్ మొదలైతే లాబీ గూడా బరిలో కలిసిపోతాది. నువ్వు సేయి సాపింటే గెలిసిందువు."

అదీ జరిగింది. ఊళ్ళో ఎవరూ లాబీ గురించి మాట్లాడలేదు. చేతికొచ్చిన ఆటను గంగాధరం గీత బయట వదిలిపెట్టి వచ్చాడన్నారు, అంతే. పక్కింట్లోనే ఉండే ఆయన అక్క, మా వదిన సిద్ధమ్మ, అందరికంటే ముందుంది.

"పాకం ఎప్పుడు దించాల్నో తెలుసును గానీ, కూత ఎప్పుడు దించాల్నో తెలీలేదే నీకు! నీళ్ళకు పోతే ఆడోళ్ళంతా నన్నే అడగతాండారు, మీ తమ్ముడికి అంత ఆయాసమొచ్చిందా అని."

దానికి తోడు ఆ ఆటలో మా ఆయన మోకాలు వాచింది. పుత్తూరు కట్టు కట్టించుకుంటే, కట్టినాయన ఇంకొక్క ఏడాదికి మించి బరిలో దిగొద్దని చెప్పి పంపాడు. అంటే మిగిలింది ఒక్క పుత్తూరు పోటీ. పోయిన పేరు ఆ ఒక్క ఆటలో తెచ్చుకోవాలి, లేదంటే ఊరు ఎప్పటికీ గీత బయట నిలబడిన గంగాధరంగానే చెప్పుకుంటుంది. అన్నం దగ్గర కూర్చుని ఆయన నాతో అన్న మాట ఒకటే.

"ఓడిపోయిందానికి కాదమ్మే. తెలీక ఓడిపోతి సూడు, అది పోవడంలే గొంతులోంచి."

అప్పటి నుంచి పుత్తూరు సంతకు బెల్లంతో వెళ్ళినప్పుడల్లా సారు దగ్గర ఒక మాటో రెండు మాటలో నేర్చుకుని వచ్చేవాడు. బస్సులో వల్లె వేసుకుంటూ వచ్చి, కాళ్ళు కడుక్కునే లోపలే నాకు అప్పజెప్పేవాడు. కూతను క్యాంట్ అంటారు. కూతకు పోవడం రెయిడు. అవతలి జట్టు మనిషి యాంటీ. కూతకు పోయినవాడు అవతలి బరిలో అడ్డంగా గీసిన బాక్ లైన్ ఒక్కసారైనా దాటి రావాలి, లేకుంటే దండగ. క్యాంట్‌లో చెడుగుడు అనకూడదు, కబడ్డీ అనే అనాలి.

అంగడి రాజారత్నం దగ్గర లావుపాటి ఇంగ్లీషు నిఘంటువు ఉండేది. ఆయనకు ఈ సంగతి తెలిసి, మంచి మనసుతోనే, పుస్తకం తీసుకుని గానుగ దగ్గరికి వచ్చాడు. నేను అన్నం క్యారేజీతో అక్కడే ఉన్నాను.

"లాబీ అంటే పెద్ద పెద్ద హోటళ్ళలో ముందర కూసునే సావిడప్పా," అన్నాడు రాజారత్నం.

"మన బరిలో హోటలు యాడుండాదన్నా? టీ గూడా దొరకదే!" అన్నాడు ఎల్లప్ప. మా జట్టులో కుర్రకూతగాడు, నోరు ఊరుకోదు.

"గమ్ముగా ఉండ్రా. స్ట్రగుల్ అంటే పోరాటం. బతకడానికి పడే పాట్లన్నీ స్ట్రగులే అని రాసుండాది."

"బతుకంతా స్ట్రగులే అయితే పాయింటు ఎప్పుడిస్తారన్నా? సచ్చినాకనా?"

అందరూ పొట్టలు పట్టుకున్నారు. మా ఆయన పాకం కలుపుతూనే మెల్లగా చెప్పాడు. "ఆ అర్థాలు ఆడికి సరే అన్నా. మన బరిలో స్ట్రగుల్ అంటే తాకినప్పుడు మొదలు. నడిమి గీతకు వస్తేనో, కూత తెగితేనో ఆఖరు. అంతకు మించి లే. లాబీ గూడా అంతే. తాకకముందు అడుగు పెడితే సచ్చినట్టు, తాకినాక మన ఇల్లే."

రాజారత్నం పుస్తకం మూశాడు. "అయితే ఇది మీ బరిలోనే పుట్టిన అర్థం. ఇంకొకసారి సెప్పప్పా, నేనూ నేర్సుకుంటా," అని పిప్పి మీదే చతికిలబడ్డాడు. ఆ రోజు నుంచి ఆటగాళ్ళ కంటే ఆయనకే హుషారు ఎక్కువైంది.

ఒక తెల్లవారి నేను వాకిలి చల్లుతుంటే మా ఆయన వచ్చి, "ఇయ్యాల ముగ్గు నేను సెప్పినట్టు ఎయ్యమ్మే," అన్నాడు. పొడుగ్గా ఒక పెట్టె, నడిమికి గీత, అటొకటి ఇటొకటి బాక్ లైన్లు, రెండు పక్కలా సన్నటి లాబీలు. వేళ్ళ సందులోంచి పిండి జారుతుంటే నాకే ముచ్చటేసింది, ఒక్క గీతా వంకర పోలేదు. చింతపిక్కలు ఆటగాళ్ళు. పిల్లలందరూ చుట్టూ గొంతుక్కూర్చున్నారు. మా వదిన చెంబుతో వస్తూ ఆగిపోయింది.

"ఇదేం ముగ్గే? సుక్కల్లేవు, తీగల్లేవు. లక్ష్మీదేవి వస్తే యాడ కాలు పెట్టాల?"

"లాబీలో పెట్టొద్దనక్కా," అన్నాడు ఎల్లప్ప. "ఎవుర్నన్నా తాకినాకే!"

చెంబులో నీళ్ళు వాడి నెత్తిన పడ్డాయి.

చింతపిక్కలు చెప్పినట్టు వింటాయి. మనుషులు వినలేదు. అందరికీ మాటలు వచ్చేశాయి, నిద్రలో లేపి అడిగినా చెబుతారు. బరిలో దిగితే మాత్రం పక్కగీత దగ్గర ఒళ్ళు లోపలికి తిరిగేది. అటు కంప, ఇటు గుంత. ఎల్లప్ప తిరిగాడు. ఆశ్చర్యమేమంటే, అందరికీ నేర్పిన మా ఆయనా తిరిగాడు. స్ట్రగుల్, లాబీ అని నోటితో అంటూనే లోపలికి తిరిగి, పట్టుబడి, నేలను గుద్దాడు.

"మాట తలకాయలోనే ఉండాది. కాలికి ఇంకా తెలీలేదు," అన్నాడు.

దానికి ఆయనే ఉపాయం పన్నాడు. పొయ్యిలోకి ఆరబోసిన పిప్పినంతా ఎత్తి కంప పొడుగునా, గుంత పొడుగునా మెత్తగా పరిపించాడు. దానిమీద గోనెలు. ఇక రోజూ ఒకరినొకరు కావాలనే లాబీలోకి తోసుకోవడమే. పడడం, కూత ఆపకుండా పాకడం, గీత అందుకోవడం. మునిరామయ్య గారు వచ్చి చూసి నెత్తి పట్టుకున్నారు.

"ఏమప్పా గంగాధరం! పిప్పి ఉండేది నా పొయ్యికా, మీ ఈపులకా?"

"నలిగితే ఇంకా బాగా మండతాది నాయనా," అన్నాడు మా ఆయన, ఎప్పుడూ ఎదురు చెప్పని మనిషి. మునిరామయ్య గారు మీసం కింద నవ్వుకుంటూ వెళ్ళిపోయారు. వారం తిరిగేసరికి పిల్లలు కంప వైపు ఎగిరి దూకుతున్నారు. మా ఆయన మాత్రం పదిసార్లకు ఒకసారైనా తటపటాయించేవాడు. ఇరవై ఏళ్ళ అలవాటు మరి. అది నేను చూశాను. ఆయనకూ తెలుసు.

పోటీల రోజు ఊరు ఊరంతా పుత్తూరులో దిగింది. వదినా నేనూ ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. మైకులో లైన్స్‌మన్లు బరి దగ్గరికి రావాలని పిలిచారు. "కరెంటు పోయిందా ఏమి? లైన్‌మన్ను పిలస్తాండారు," అంది వదిన. గీత దగ్గర కూర్చుని చూసే మనిషిని ఇక్కడ అట్లా అంటారని చెప్పాను. "నీకు ఇదంతా ఎప్పుడు వచ్చిందే?" అని నన్ను ఎగాదిగా చూసింది.

ఫైనలు మళ్ళీ ఏర్పేడు వాళ్ళతోనే. వాళ్ళ కెప్టెన్ ధనంజయ, పోయినేడు మా ఆయన నడుము పట్టుకున్నది అతనే. అబ్బ, ఏం ఆట! వాళ్ళొక పాయింటు, మేమొక పాయింటు. ఎల్లప్ప ఉద్రేకంలో చెడుగుడు అనేశాడు. రెఫరీ వెనక్కి పిలిచి హెచ్చరించాడు. రాజారత్నం మా జట్టు వైపు నుంచి "క్యాంట్! క్యాంట్ సరిగ్గా ఎయ్యరా!" అని గొంతు చించుకున్నాడు. సమయం అయిపోవస్తోంది. పాయింట్లు సమానం. చివరి రెయిడు మాది.

మా ఆయన లేచాడు. కట్టు కట్టిన మోకాలు మీద చెయ్యి వేసి ఒక్క క్షణం నిలబడ్డాడు. నడిమి గీతను తాకి, కూత ఎత్తుకున్నాడు. కబడ్డీ కబడ్డీ కబడ్డీ! బాక్ లైన్ దాటాడు. మూలలో ఉన్న ధనంజయ మడమను వేలితో తాకి వెనక్కి తిరిగాడో లేదో, ధనంజయ చీలమండ పట్టేశాడు. ఇంకొకడు నడుము. ఇంకొకడు భుజం. ముగ్గురూ కలిసి పక్కకు నెట్టుకుపోతున్నారు, పక్కకు, పక్కకు, గీత దాకా.

నా గోళ్ళు వదిన చేతిలో దిగాయి.

గీత మీద ఆయన కాలు ఆగింది. నేను చూశాను, ఆగింది! ఒళ్ళు లోపలికి తిరగబోయింది. లోపల నాలుగోవాడు కాచుకుని ఉన్నాడు. అంతలో ఆయన భుజం ఒక్కసారి బయటికి వాల్చి, ముగ్గురినీ మోసుకుంటూ లాబీలోకి దభీమని పడ్డాడు. ఇంకో జానెడు జరిగితే నిజంగానే బయట. దుమ్ములో ఏమీ కనిపించలేదు. కూత మాత్రం వినిపిస్తోంది. సన్నగా, దారంలా, తెగకుండా. పాకుతున్నాడు. మోచేతులతో నేలను లాక్కుంటున్నాడు. దుమ్ములోంచి ఒక చెయ్యి బయటికి వచ్చి నడిమి గీత అవతల పడింది.

ఈల!

ముగ్గురూ అవుట్. మూడు పాయింట్లు. మా ఆయన ఇంకా కబడ్డీ కబడ్డీ అంటూనే ఉన్నాడు. ఈల విన్నా నమ్మకం లేదు. శ్రీనివాసులు సారు వంగి వీపు మీద తట్టి, "సాలప్పా, సాలు! గెలిసినావు, ఊపిరి తీసుకో," అన్నాక గానీ ఆపలేదు. ధనంజయే చెయ్యిచ్చి లేపాడు. "పోయినేడు ఈ తెలివి యాడ పెట్టుకున్నావన్నా?" అని నవ్వుతున్నాడు. మోకాలు నిలవక ఆయన అతని భుజం మీదే వాలిపోయాడు. నేను ఏడుస్తున్నానో నవ్వుతున్నానో నాకే తెలియలేదు.

తిరుగు బస్సులో నిలబడడానికి చోటు లేదు. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ, "ఏందప్పా ఈ గోల? ఎవురు గెలిసినారు?" అని అడిగాడు. పిల్లలు నోరు తెరిచేలోపే వదిన లేచింది.

"మా తమ్ముడు! ఇదో, ఈడుండాడే, ఈయన. ఎట్ల గెలిసినాడో సెప్తా, రా ఇట్ల. లాబీ అంటే ఏందో తెలుసునా నీకు?"

"తెలీదమ్మా."

"టికెట్లు కొట్టడం ఒగటే తెలుసు నీకు. ఈ సీట్ల మధ్య దారి ఉండాదే, ఇది బరి. ఆ మెట్లు లాబీ. ఇప్పుడు నిన్ను తాకితి!" అంటూ కండక్టరు సంచి పట్టేసుకుంది. "స్ట్రగుల్ మొదలు! ఇంక ఆ మెట్ల మీదికి పోయినా నువ్వు బయటికి పోయినట్టు కాదు. అద్దో, కూత ఆపొద్దు! ఆపినావంటే సచ్చినావు!"

"టికెట్, టికెట్, టికెట్, టికెట్!" అని కండక్టరు ఎత్తుకున్నాడు, వదిన వదలకుండా లాగుతూనే ఉంది. బస్సంతా ఈలలు. కిటికీకి ఆనుకుని కళ్ళు మూసుకున్న మా ఆయన కళ్ళు తెరిచి చూశాడు. మొదట భుజాలు కదిలాయి. తర్వాత ఆ మాట తక్కువ మనిషి, వాచిన మోకాలు రెండు చేతులతో పట్టుకుని, దగ్గు వచ్చేదాకా పకపకా నవ్వాడు.